తర్వాత కొనే అడ్వెంచర్ టూరింగ్ బైకు ఏది? బరువుతో మొదలుపెట్టిన ఒక సమీక్ష

తారు మీదా, మట్టి దారిలోనూ దూరాలు పోవడానికి చేసిన బండ్లను అడ్వెంచర్ టూరింగ్ బైకులు అంటారు. పేరున్న సంస్థలు ఇప్పుడు అమ్ముతున్న ఇలాంటి బైకులలో ఇది పనికిరాదు అని తోసిపుచ్చదగిన బండి దాదాపు లేదు. ఎంపిక కష్టం కావడానికి అదే కారణం. ఇంజన్లు నమ్మదగినవే, బ్రేకులు గట్టివే, అన్నిటికీ రంగుల తెరలు, రైడింగ్ మోడ్‌లు, పెట్టెలు తగిలించుకునే ఏర్పాట్లు ఉన్నాయి. ఎవరి శక్తి ఎంత, ఎవరి తెర ఎంత అని పట్టికలు ముందు వేసుకొని కూర్చుంటే నెలలు గడిచినా ఎటూ తేలదు. అందుకని నేను కొలబద్దను మార్చుకున్నాను. దూర ప్రయాణంలో అన్నిటికంటే నెమ్మదిగా సాగే కిలోమీటరు ఒకటి ఉంటుంది. సామాను నిండుగా ఎక్కించి ఉంటుంది, చీకటి పడబోతూ ఉంటుంది, దారి తప్పిందని తెలిసి వదులు కంకర మీద బండిని వెనక్కి తిప్పుకోవలసి వస్తుంది, చెయ్యి వేసే మనిషి చుట్టుపక్కల ఉండడు. ఆ కిలోమీటరులో ఏ బండి నా చేతుల్లో ఉంటుంది అన్న ప్రశ్నతోనే ఈ బండ్లన్నిటినీ చూశాను. హైవే మీద ఏ బండైనా బాగానే పోతుంది.

ఈ తరగతి మొదలైన తీరు చూస్తే ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 1980లో బీఎమ్‌డబ్ల్యూ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్‌ను ఆధునిక అడ్వెంచర్ బైకులకు మూలంగా చెబుతారు. దాని ఇంజన్ సుమారు 800 సీసీ, శక్తి 50 హార్స్‌పవర్, బరువు 190 కిలోల లోపే. 1981లో ఆఫ్రికా ఎడారుల మీదుగా సాగిన పారిస్–డకార్ ర్యాలీని ఊబేర్ ఓరియోల్ ఆ వంశపు బండి మీదనే గెలిచాడు. నేటి వారసుడైన ఆర్ 1300 జీఎస్ శక్తి 145 హార్స్‌పవర్, అంటే దాదాపు మూడు రెట్లు. బరువు 237 కిలోలు. నలభై ఏళ్లలో బండి బలం మూడింతలయింది గాని, కింద పడితే దాన్ని లేపవలసిన మనిషి నడుము బలం ఏమీ పెరగలేదు. ఈ తరగతి బండ్లను కొనేవారు మాత్రం ఎప్పుడూ మొదటి అంకెనే ముందు అడుగుతారు, రెండో అంకెను చివర అడుగుతారు, ఒక్కోసారి అసలు అడగరు.

పైగా బ్రోషరులో కనిపించే బరువు మనం నడిపే బరువు కాదు. ట్యాంకు నింపిన బరువా, ఖాళీ బరువా అన్నది ముందుగా చూసుకోవాలి. కొన్ని సంస్థలు ఇంకా పెట్రోలు లేని బరువునే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో కనుక 20 లీటర్ల ట్యాంకు నింపితే 15 కిలోలు, 30 లీటర్ల ట్యాంకు నింపితే 22 కిలోలు కలుస్తాయి, అదీ బండి పైభాగంలో. దాని మీద అల్యూమినియం పెట్టెలు, వాటిని పట్టే ఇనుప చట్రం, ఇంజన్‌కు అడ్డుగా వేసే కడ్డీలు, అడుగున రేకు, పనిముట్లు, గుడారం, బట్టలు, నీళ్లు అన్నీ చేరాక 210 కిలోల బండి 270 దగ్గర, 240 కిలోల బండి 300 దగ్గర తేలడం మామూలే. ప్రతి బండికీ తయారీదారు గరిష్ఠంగా ఇంత బరువు మోయవచ్చని ఒక పరిమితి చెబుతాడు. ఆర్ 1300 జీఎస్‌కు అది 465 కిలోలు. అందులోంచి బండి బరువు తీసేస్తే మిగిలిన 228 కిలోలలోనే నడిపేవారు, వెనక కూర్చునేవారు, సామాను అంతా ఇమడాలి. ఇది ఈ తరగతిలో ఉదారమైన అంకెల్లో ఒకటి. చాలా బండ్లకు అంత వెసులుబాటు లేదు. ఇద్దరు పెద్దవాళ్లు, మూడు పెట్టెలు అనుకున్నవారు శక్తి కంటే ముందు ఈ తీసివేత చేసుకోవాలి.

షోరూములో బండి మీద కూర్చుంటే ఇవేవీ తెలియవు. నేలమీద పడిన బండిని లేపి చూడాలి, కనీసం అలా లేపడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. కుడి వైపు పడిన బండి అయితే ముందు సైడ్‌స్టాండు బయటికి తీసి, గేరులో ఉంచి, హ్యాండిల్‌ను చివరి వరకు నేల వైపు తిప్పి, సీటు అంచుకు వెన్ను ఆనించి కూర్చున్నట్టు వంగుతాం. ఒక చెయ్యి హ్యాండిల్ పిడిని, రెండో చెయ్యి వెనక కడ్డీని పట్టుకుంటుంది. అప్పుడు చేతులతో లాగకూడదు. కాళ్లతో నేలను తంతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి. మొదటి అర అడుగు ఎత్తు వరకు బండి కదలనట్టే ఉంటుంది, బరువంతా తొడల మీదకు వస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ మొదటి అర అడుగులోనే 205 కిలోల బండికీ 250 కిలోల బండికీ తేడా బయటపడుతుంది. చదునైన నేల మీద ఒకసారి లేపడం ఎవరికైనా సాధ్యమే. తడిసిన మట్టిలో, బూట్లు జారుతుండగా, రోజంతా నడిపి అలిసిన తర్వాత మూడోసారి లేపడం అలాంటిది కాదు.

అయినా పెద్ద బండ్లకు అన్యాయం చేయకూడదు. బరువు ఎంత అన్నది ఒక సంగతి, అది ఎక్కడ ఉంది అన్నది ఇంకో సంగతి. ఆర్ 1300 జీఎస్‌లో సిలిండర్లు రెండు పక్కలకు పడుకొని ఉండటం వల్ల బరువు కిందికి దిగి, నడక వేగంలో కూడా ఆ బండి తన 237 కిలోలను తెలియనివ్వదు. పడినప్పుడు కూడా ఆ సిలిండర్లే అడ్డుపడి బండిని పూర్తిగా నేలకు వాలనివ్వవు, లేపడం కొంత సులువు. ముందు చక్రానికి వాడిన టెలిలీవర్ ఏర్పాటు వల్ల బ్రేకు బలం స్టీరింగ్ మీద పడదు, గట్టిగా బ్రేకు వేసినా ముక్కు నేలకు కొట్టుకున్నట్టు వంగదు. వెనక మనిషిని కూర్చోబెట్టుకొని కొండ దారి దిగుతున్నప్పుడు ఆ నిలకడ విలువ తెలుస్తుంది. వెనక చక్రాన్ని తిప్పడానికి చైను బదులు షాఫ్ట్ (తిరిగే ఉక్కు కడ్డీ) ఉంది. దూరాలు ఎక్కువ, ఇద్దరు ప్రయాణికులు, దారి ఎక్కువ భాగం తారు అయితే ఇంతకంటే మంచి బండిని నేను నడపలేదు. డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 ఇంకా వేగవంతమైనది, 170 హార్స్‌పవర్‌తో. ముందూ వెనకా రాడార్లతో వచ్చిన మొదటి మోటార్‌సైకిల్ అదే. కాని అది మట్టి దారిని సహించే స్పోర్ట్స్ టూరర్ అని చెప్పడమే నిజాయితీ. ట్రయంఫ్ టైగర్ 1200 షాఫ్ట్, 150 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) శక్తితో గౌరవనీయమైన ప్రత్యామ్నాయం.

ఈ పెద్ద బండ్లలో నన్ను ఎక్కువసేపు ఆపింది హోండా ఆఫ్రికా ట్విన్. 1986 నుంచి 1989 వరకు వరుసగా నాలుగుసార్లు డకార్ గెలిచిన ఎన్‌ఎక్స్‌ఆర్ 750 ర్యాలీ బండి స్ఫూర్తితో 1988లో పుట్టిన పేరు అది. 2016లో కొత్త రూపంలో తిరిగి వచ్చింది, 2020లో 1084 సీసీకి పెరిగింది. 102 పీఎస్ అన్నది ఈ తరగతిలో చిన్న అంకెగా కనిపిస్తుంది గాని, ఆ శక్తి అందే తీరు ఎంత నెమ్మదైనదో జారుడు నేల మీద తెలుస్తుంది. దానికి ఉన్న డీసీటీ గేర్‌బాక్సు (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది) గురించి చాలామందికి అపోహ ఉంది. క్లచ్ లీవరు లేని బండిని మట్టిలో అదుపు చేయలేమని అంటారు. నా అనుభవం వేరు: ఏటవాలు మీద, రాళ్ల మధ్య ఇంజన్ ఆగిపోవడం అనేదే ఉండదు, ఎడమ చెయ్యి పూర్తిగా హ్యాండిల్‌కే అంకితమవుతుంది, మనసు దారి మీద నిలుస్తుంది. దానికి మూల్యం మరో పది కిలోలు. అడ్వెంచర్ స్పోర్ట్స్ అనే పెద్ద ట్యాంకు రూపంలో డీసీటీ కూడా తీసుకుంటే బరువు 250 కిలోలు దాటుతుంది. నా కొలబద్ద దగ్గర ఈ బండి ఓడింది అక్కడే, మరెక్కడా కాదు.

చిన్న బండ్ల వైపు వెళితే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 గురించి తప్పక చెప్పాలి. 452 సీసీ, 40 పీఎస్, 196 కిలోలు, సర్దుబాటు చేసుకోగల 825 మిల్లీమీటర్ల సీటు. పొట్టివారికి, మొదటిసారి ఈ తరగతిలోకి వచ్చేవారికి, గంటకు 100 కిలోమీటర్ల లోపు హాయిగా తిరగాలనుకునేవారికి ఇంకేమీ అక్కర్లేదు. నాకు చాలనిది ఒక్కటే: సామాను, వెనక మనిషి, ఎదురుగాలి మూడూ కలిసినప్పుడు పొడవైన లారీని దాటడానికి చేతిలో మిగిలి ఉండవలసిన ఊపు. 196 కిలోలు అన్నది కూడా 40 పీఎస్ బండికి తక్కువేమీ కాదు. ఇంకో పన్నెండు కిలోలకు రెట్టింపు కంటే ఎక్కువ శక్తి ఇచ్చే బండి ఉన్నప్పుడు ఆ లెక్క వేసుకోక తప్పదు.

మధ్య తరగతి బండ్లకు వచ్చే ముందు చక్రాల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ బండ్ల స్వభావాన్ని సగం నిర్ణయించేది ముందు చక్రమే. 21 అంగుళాల సన్నని చక్రం రాయి మీదకు, గుంత అంచు మీదకు సులువుగా ఎక్కి దిగుతుంది, ఇసుకలో దారి చీల్చుకుంటుంది. తారు మీద వరుస మలుపుల్లో అటూ ఇటూ వాల్చేటప్పుడు కొంచెం నిదానిస్తుంది. 19 అంగుళాలది వెడల్పైన టైరుతో తారు మీద నమ్మకాన్ని, బ్రేకు వేసినప్పుడు పట్టును ఇస్తుంది, రాళ్లలో మాత్రం చేతులకు ఎక్కువ పని చెబుతుంది. హోండా కూడా 2024 నుంచి అడ్వెంచర్ స్పోర్ట్స్‌కు 19 అంగుళాల చక్రం వేయడం గమనించదగినది. కొన్నవారు ఎక్కువగా ఏ దారుల్లో తిరుగుతున్నారో తయారీదారు గుర్తించాడనడానికి అదే సూచన. మీరు తిరిగే దారిలో పదింట ఎనిమిది వంతులు తారే అయితే 19 అంగుళాల బండి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

చక్రం కొలత కంటే నన్ను ఎక్కువ పట్టించుకునేలా చేసేది ట్యూబు. స్పోకుల చక్రం దెబ్బకు వంగుతుంది గాని పగలదు, పోత చక్రం గట్టి దెబ్బకు చీలవచ్చు. అందుకే కఠినమైన దారులకు స్పోకులు వాడతారు. మామూలు స్పోకుల చక్రంలో స్పోకుల రంధ్రాలు రిమ్ము మధ్యలో ఉంటాయి కనుక గాలి నిలవదు, ట్యూబు వేయవలసిందే. ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చరు అయితే బయటి నుంచే రబ్బరు పట్టీ దూర్చి, గాలి కొట్టి, పావుగంటలో కదలవచ్చు. ట్యూబు అయితే బండిని నిలబెట్టి, చక్రం ఊడదీసి, టైరు అంచును రిమ్ము నుంచి విడగొట్టి, ట్యూబు లాగి అతికించి, మళ్లీ అంతా బిగించాలి. సెంటర్ స్టాండు లేని బండి అయితే రాళ్లు పేర్చుకోవాలి. బీఎమ్‌డబ్ల్యూ 1987లోనే స్పోకులను రిమ్ము అంచులకు తగిలించే పద్ధతి తెచ్చి స్పోకులనూ ట్యూబ్‌లెస్ టైరునూ కలిపింది. ట్రయంఫ్ టైగర్ 900 ర్యాలీ ప్రో, కేటీఎమ్ 890 అడ్వెంచర్, డుకాటీ డెజర్ట్‌ఎక్స్ అలాంటి వాటితోనే వస్తాయి. యమహా టెనెరే 700, హోండా ట్రాన్సాల్ప్ 750, సుజుకి వీ-స్ట్రామ్ 800 డీఈ మాత్రం ట్యూబులతోనే వచ్చాయి. దూర ప్రయాణం కోసమే తయారైన బండ్లలో ఈ పొదుపు నాకు నచ్చలేదు.

ఇక అసలు పోటీ. యమహా టెనెరే 700 వచ్చింది 2019లో. 689 సీసీ జంట సిలిండర్ల ఇంజన్, 73 పీఎస్, ట్యాంకు నింపినా 205 కిలోల లోపే. క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) 270 డిగ్రీల తేడాతో ఉండటం వల్ల సిలిండర్లు సమాన విరామాలతో పేలవు. ఆ అసమ లయ వల్ల వెనక చక్రం నేలను పట్టుకునే తీరు చేతికి తెలుస్తూ ఉంటుంది. నిలబడి నడిపేందుకు ఇంత చక్కగా కుదిరిన బండి ఈ తరగతిలో మరొకటి లేదనిపిస్తుంది: మోకాళ్ల మధ్య ట్యాంకు సన్నగా ఇమిడిపోతుంది, హ్యాండిల్ దానంతట అదే చేతికి అందుతుంది, నడుము వంచనవసరం లేదు. వాల్వుల తనిఖీ 40,000 కిలోమీటర్లకు ఒకసారి చాలు. మట్టి దారే ముఖ్యం, ఒంటరిగానే ప్రయాణం అనుకునేవారు ఇంకేమీ చూడకుండా దీన్ని తీసుకోవచ్చు. నన్ను వెనక్కి లాగినవి మూడు. సీటు ఎత్తు 875 మిల్లీమీటర్లు. ఒరిగిన నేల మీద ఆగితే నా పాదం పూర్తిగా ఆనదు. వెనక సీటు ఇరుకు. పెట్టెలు మోసే వెనక చట్రం ప్రధాన చట్రానికే అతికి ఉంది, బోల్టులతో విడదీయలేం. గట్టిగా పడి అది వంగితే మరమ్మతు చిన్న పనిగా ఉండదు.

సుజుకి వీ-స్ట్రామ్ 800 డీఈ ఈ గుంపులో మనసుకు అతి దగ్గరగా వచ్చిన బండి. 776 సీసీ ఇంజన్ అంత నునుపుగా తిరగడం ఆశ్చర్యమే; గంటల తరబడి ఒకే వేగంతో పోతున్నా చేతులకు తిమ్మిరి రాదు. 220 మిల్లీమీటర్ల ప్రయాణం (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న సస్పెన్షన్ గుంతలను మింగేస్తుంది. 20 లీటర్ల ట్యాంకు ఉంది. కాని 230 కిలోలు. అంటే దాదాపు మామూలు ఆఫ్రికా ట్విన్ బరువుకు చేరుకుంది, శక్తి మాత్రం 84 పీఎస్ దగ్గర ఆగింది. ట్రయంఫ్ టైగర్ 900 మూడు సిలిండర్ల బండి. 2024 నుంచి 108 పీఎస్. తారు మీద ఉత్సాహంగా నడిపేవారికి ఇదే మొదటి ఎంపిక కావాలి, ముఖ్యంగా 19 అంగుళాల పోత చక్రాలతో, 820 మిల్లీమీటర్ల నుంచి మొదలయ్యే సీటుతో వచ్చే జీటీ రూపం. ర్యాలీ ప్రో నాకు నచ్చింది, దాని వస్తువుల నాణ్యత అంతా ఇంతా కాదు, కాని దానితో మళ్లీ 228 కిలోలకు, 860 మిల్లీమీటర్లకు పైబడిన సీటుకు చేరుకుంటాం.

కేటీఎమ్ 890 అడ్వెంచర్ రూపకల్పనలో ఒక ఆలోచన ఈ తరగతిలోకెల్లా తెలివైనదని నా అభిప్రాయం. 20 లీటర్ల ట్యాంకును రెండు పాయలుగా చేసి ఇంజన్‌కు ఇరువైపులా మోకాళ్ల కిందికి దించారు. ట్యాంకు నిండా ఉన్నా, అడుగంటినా బండి నడవడిలో తేడా దాదాపు తెలియదు. నడక వేగంలో అది తన అంకె కంటే తేలికగా తోస్తుంది. 105 పీఎస్ ఇంజన్ మాత్రం తక్కువ వేగంలో అసహనంగా ఉంటుంది, నా కొలబద్దకు కావలసింది సహనం. అప్రిలియా టువారెగ్ 660 కూడా 204 కిలోల చక్కటి బండి. తయారీదారు సర్వీసు కేంద్రాలు దగ్గరలో ఉన్నవారు తప్పక చూడాలి.

మిగిలింది హోండా ట్రాన్సాల్ప్ 750. 1987లో వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్ల) ఇంజన్‌తో మొదలైన పేరు, 2023లో 755 సీసీ సమాంతర జంట సిలిండర్లతో తిరిగి వచ్చింది. 92 పీఎస్, 208 కిలోలు, 16.9 లీటర్ల ట్యాంకు, 850 మిల్లీమీటర్ల సీటు, 21, 18 అంగుళాల చక్రాలు. ఒక్కొక్క అంకెను విడిగా చూస్తే ఇందులో ఏదీ అందరికంటే మిన్న కాదు. టెనెరే దీనికంటే మట్టిలో మేలు, టైగర్ తారు మీద మేలు, వీ-స్ట్రామ్ సస్పెన్షన్ మేలు. అయితే టెనెరే కంటే నాలుగు కిలోలు మాత్రమే ఎక్కువ బరువుతో పంతొమ్మిది పీఎస్ ఎక్కువ శక్తిని, 25 మిల్లీమీటర్లు తక్కువ సీటును ఇచ్చేది ఇదొక్కటే. క్లచ్ రెండు వేళ్లతో ఆడుతుంది. సీటు కూర్చునేచోట సన్నబడటం వల్ల 850 మిల్లీమీటర్ల ఎత్తు కూడా కాలికి అందుతుంది. హ్యాండిల్ చివరి వరకు తిప్పి, వెనక బ్రేకును మెల్లగా అదిమి, క్లచ్‌ను సగం వదిలి ఇరుకు దారిలో వలయం తిరిగినప్పుడు ఈ బండి ఒక్కసారి కూడా నా మీదకు ఒరగాలని చూడలేదు. లోపాలూ ఉన్నాయి. ముందు సస్పెన్షన్ మృదువు, బరువు వేసి గట్టిగా బ్రేకు కొడితే లోతుగా వంగుతుంది. మొదట వచ్చిన రూపంలో క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని దానంతట అదే నిలిపే ఏర్పాటు) లేదు; థ్రాటిల్ తీగ లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసే బండికి దాన్ని ఇవ్వకపోవడానికి నాకు సమర్థన కనిపించలేదు. ట్యూబుల సంగతి పైన చెప్పాను.

ట్యాంకు సామర్థ్యాన్ని గురించి భయపెట్టే మాటలు చాలా వినిపిస్తాయి. తయారీదారు లెక్క ప్రకారం ట్రాన్సాల్ప్ లీటరుకు 23 కిలోమీటర్లు ఇస్తుంది. సామాను, గాలి, తొందర కలిపి దాన్ని 20కి దించుకున్నా ఒక ట్యాంకుకు 330 కిలోమీటర్లు వస్తాయి. మనిషి శరీరం అంతకుముందే ఆగమంటుంది. ఎడారి దాటేవారికి 30 లీటర్లు కావాలి, మిగతావారు అవసరమైన రోజున అయిదు లీటర్ల డబ్బా కట్టుకుంటే చాలు. ఏడాదంతా ఆ బరువును పైన మోయనక్కర్లేదు.

చైను మేలా, షాఫ్ట్ మేలా అన్న వాదన కూడా అలాంటిదే. చైనుకు సుమారు 500 నుంచి 1,000 కిలోమీటర్లకు ఒకసారి, వానలో, దుమ్ములో అంతకంటే ముందే నూనె కావాలి, బిగువు చూసుకోవాలి. ప్రతిరోజూ వందల కిలోమీటర్లు పోయేవారికి షాఫ్ట్ నిజమైన సుఖం. పెద్ద బండ్లకు పోకుండా అది కావాలంటే మోటో గూజీ వీ85 టీటీ వైపు చూడాలి: గాలితో చల్లబడే 853 సీసీ ఇంజన్, షాఫ్ట్, 23 లీటర్ల ట్యాంకు, ఎవరైనా విప్పి చూడగలిగే సరళత. నేను చైనునే ఎంచుకున్నాను, ఎందుకంటే దారిలో తెగినా, సాగినా దాని మందు సంచిలో పట్టేంత చిన్నది.

ఎలక్ట్రానిక్స్‌లో నేను పట్టుబట్టేది ఒక్కదాని గురించే. 2014 నాటి కేటీఎమ్ 1190 అడ్వెంచర్‌తో బాష్ సంస్థ మోటార్‌సైకిళ్లకు తెచ్చిన, బండి వాలిన కోణాన్ని లెక్కలోకి తీసుకొని పనిచేసే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ప్రాణం కాపాడే వస్తువు. మలుపులో ఉండగా ఏదో అడ్డొచ్చి బ్రేకు గట్టిగా పట్టిన క్షణంలో దాని అవసరం తెలుస్తుంది. ట్రాన్సాల్ప్‌లో ఆ కోణాన్ని కొలిచే సెన్సర్ లేదు. తారు మీద వేగంగా నడిపే అలవాటున్నవారు ఈ ఒక్క కారణంతో టైగర్ 900కు వెళ్లినా నేను కాదనను. మట్టిలో వెనక ఏబీఎస్‌ను ఆపుకునే వీలు మాత్రం ట్రాన్సాల్ప్‌లో ఉంది. తెర మీద దారి చూపడం, ఫోను కలపడం వంటివి నా నిర్ణయంలోకి రాలేదు.

టెస్ట్ రైడుకు వెళ్లినప్పుడు చాలామంది ఖాళీ రోడ్డు చూసి థ్రాటిల్ తిప్పి వచ్చేస్తారు. అందులో తెలిసేది తక్కువ. ఇంజన్ ఆపి, బండి మీద కూర్చుని కొద్దిపాటి ఎత్తు మీదకు వెనక్కి నెట్టి చూడండి. రెండు కార్ల వెడల్పు చోటులో చివరి వరకు హ్యాండిల్ తిప్పి వలయం కొట్టండి. పాదాలు ఆనించే పెగ్గుల మీద నిలబడి కొంత దూరం పోయి, చేతులు వదులుగా ఉన్నాయా లేక హ్యాండిల్‌కు వేలాడుతున్నాయా గమనించండి. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర హెల్మెట్ అదురుతోందా, గాలి నేరుగా తాకుతోందా అన్నది వేరువేరు సంగతులు. ముందు గాలిని ఆపే అద్దం పొడవైనంత మాత్రాన అదురు తగ్గదు, పొట్టి అద్దం వెనక శుభ్రమైన గాలిలో తల ఉండటమే ఎక్కువ హాయి అని చాలాసార్లు తేలుతుంది. వెనక కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్లి ఆ మనిషి మాట వినండి. చివరగా బండిని సిగ్నలు దగ్గరలా అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచి, కాళ్లకు వేడి ఎంత తగులుతోందో చూడండి.

నా నిర్ణయం ట్రాన్సాల్ప్ 750. ఎక్కువగా ఒంటరిగా, అప్పుడప్పుడు ఒకరిని వెంటబెట్టుకొని, తారు ముప్పాతిక మట్టి పాతిక దారుల్లో తిరిగే మనిషికి ఇది సరైన బండి అని నమ్మి చెబుతున్నాను. వెనక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండనివారికి నా సలహా ఇది కాదు. వారు ఆఫ్రికా ట్విన్ లేదా ఆర్ 1300 జీఎస్ తీసుకోవాలి, ఆ బరువు వారికి మోతగా కాక నిలకడగా పనిచేస్తుంది. కాలు అందని బండి మీద మనసు పడినవారు సస్పెన్షన్ లింకులు మార్చి కిందికి దించే పని వెంటనే పెట్టుకోకూడదు. వెనక భాగం దిగితే స్టీరింగ్ కోణం మారుతుంది, నేలకు ఎడం తగ్గుతుంది, సైడ్‌స్టాండు పొడవై బండి నిటారుగా నిలబడి అవతలి వైపు పడే ప్రమాదం వస్తుంది. ముందు సన్నని సీటు, మందపాటి అట్ట ఉన్న బూట్లు ప్రయత్నించాలి.

బండి ఇంటికి వచ్చాక మొదటి ఖర్చు దేని మీద పెట్టాలన్నది కూడా ఈ ఎంపికలో భాగమే. చాలామంది దీపాలు, కడ్డీలు, పెట్టెలు ముందు కొంటారు. నేను ముందుగా స్ప్రింగులు చూస్తాను. సామానుతో సహా బండి మీద కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం ప్రయాణంలో మూడో వంతుకు కొంచెం తక్కువే దిగాలి. 200 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంటే సుమారు 60. వెనక ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే సర్దుబాటు) బిగించినా అంతకంటే ఎక్కువ దిగుతుంటే స్ప్రింగు మన బరువుకు చాలదని అర్థం, అప్పుడు ఏ ఎలక్ట్రానిక్ మోడూ దాన్ని సరిచేయలేదు. ట్రాన్సాల్ప్ ముందు ఫోర్కుకు గట్టి స్ప్రింగులు, తర్వాత మనం తిరిగే దారికి తగ్గ టైర్లు, ఒక జత ట్యూబులు, వాటిని మార్చే ఇనుప లీవర్లు, చిన్న గాలి పంపు. ఆ పంపుతో, ఆ లీవర్లతో ఇంటి ముందే ఒకసారి వెనక చక్రం ఊడదీసి ట్యూబు మార్చి చూసుకున్నాకే మొదటి దూర ప్రయాణానికి తేదీ వేసుకోవాలి. పెట్టెల విషయంలో అల్యూమినియం కంటే గుడ్డ సంచులే నా ఓటు: బరువు తక్కువ, పడినప్పుడు వంగిపోవు, కంకరలో కాలు నేలకు ఆనించినప్పుడు వెనక నుంచి వచ్చి పిక్కను కొట్టే గట్టి అంచు ఉండదు.